ఓటు మీద నమ్మకం ఉంది, ఓటు వేసిన మర్నాటి మీద లేదు: మీ అనుభవం చెప్పండి

అరండల్‌పేట మాస్టారు, గుంటూరు
ఆదివారం, ఉదయం 6.40

అందరికీ నమస్కారం. నేను పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుణ్ని. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఏ ఎన్నిక వచ్చినా పోలింగ్ డ్యూటీ తప్పలేదు. బ్యాలెట్ పెట్టెలకు లక్క సీలు వేసిన రోజులు చూశాను, యంత్రాలు వచ్చిన రోజులూ చూశాను. నిన్న మా మనవరాలు ఒక మాట అడిగింది. రాత్రంతా నిద్ర పట్టలేదు. అందుకే మీ ముందు పెడుతున్నాను.

పిల్లకు పద్దెనిమిది నిండాయి. ఓటరుగా చేరమని ఫారం 6 తెచ్చి ఇచ్చాను. పేరు, పుట్టిన తేదీ రాసి కలం ఆపింది. "తాతయ్యా, నువ్వు ఇన్నేళ్లుగా ఓటు వేస్తున్నావు కదా, మన వీధి కాలువ ఎటు తీయాలో నిన్ను ఎవరైనా ఒక్కసారి అడిగారా?" అంది.

అడగలేదు. అడగడానికి మనిషే లేని కాలం కూడా గడిచింది. 2005లో ఎన్నికైన మన నగరపాలక మండలి గడువు 2010లో ముగిసింది. మళ్లీ ఎన్నిక జరిగింది 2021 మార్చిలో. మధ్యలో పదకొండేళ్లు ప్రత్యేకాధికారుల పాలనే. ఈ పిల్లకు మాటలు వచ్చినప్పటి నుంచి హైస్కూలుకు వెళ్లేదాకా మా డివిజన్‌కు కార్పొరేటర్ అనేవారు లేరు. ఆ పిల్లకు ప్రజాస్వామ్యం పాఠ్యపుస్తకంలో తప్ప ఎక్కడ కనిపించాలి?

పోలింగ్ రోజు ఎలా ఉంటుందో తెలిసినవాణ్ని కనుక ఈ తేడా నన్ను మరింత బాధ పెడుతోంది. తెల్లవారకముందే ఏజెంట్ల ఎదుట కనీసం యాభై ఓట్లతో మాక్ పోల్ జరుపుతాం. లెక్క చూపిస్తాం, చెరిపేస్తాం, సీలు వేస్తాం, ఆ సీలు మీద వాళ్ల సంతకాలు తీసుకుంటాం. సాయంత్రం మొత్తం ఎన్ని ఓట్లు పడ్డాయో ఫారం 17సీలో రాసి ప్రతి ఏజెంటు చేతికీ నకలు ఇస్తాం. ఆ ఒక్క రోజు ప్రతి అంకెకూ ఒక సాక్షి ఉంటాడు. మర్నాటి నుంచి ఐదేళ్లపాటు మన పేరిట జరిగే పనులకు సాక్షి ఎవరు?

పిల్లకు నేను ఏమి జవాబు చెప్పాలి? మీ అనుభవం రాయండి.

నిర్వాహకుడు
ఆదివారం, ఉదయం 7.15

మంచి చర్చ మాస్టారూ. ఒక్క మనవి. పార్టీల పేర్లు, నాయకుల మీద దూషణలు వద్దు. మీరు చూసినది రాయండి.

మొదటి ఓటు
ఆదివారం, ఉదయం 8.02

మాస్టారూ, మీ మనవరాలు నా మాటే అన్నట్లు ఉంది. నా ఓటు గుంటూరులో, ఉద్యోగం హైదరాబాద్‌లో. 2024 మే 13న ఓటు వేయడానికి బస్సులో సీటు దొరక్క, నలుగురు స్నేహితులం కలిసి కారు మాట్లాడుకుని వచ్చాం. పంతంగి టోల్‌గేట్ దగ్గరే రెండు గంటలు పోయాయి. ఎండలో వరుసలో నిలబడ్డాను. నా ముందు ఒక పెద్దావిడ కొంగు తలమీద కప్పుకుని మూడు గంటలు నిలబడింది, ఇంటికి వెళ్లి కూర్చోమన్నా కదల్లేదు. ఆ రాత్రి రాష్ట్రంలో కొన్ని కేంద్రాల్లో అర్ధరాత్రి దాటాక కూడా పోలింగ్ సాగింది. మొత్తం 81 శాతానికి పైగా ఓట్లు పడ్డాయి. వేలికి సిరా చూసుకుంటూ తిరిగి వెళ్లాను. గర్వంగా ఉండింది.

తర్వాత నెమ్మదిగా ఆ గర్వం కరిగిపోయింది. ఒక గుర్తు మీద గెలిచినవారు ఐదేళ్లలో ఎక్కడ కూర్చుంటారో ఓటు వేసినవాడికి తెలియదు. ఫిరాయింపుల నిరోధక చట్టం 1985 నుంచి ఉంది. నిర్ణయం సభాపతి చేతిలో ఉంటుంది. ఆయన ఎప్పటికి తేలుస్తారో తెలియదు, ఈలోగా సభ గడువే తీరిపోతుంది. నా మూడు గంటలకు విలువ ఏమిటి?

ఇంకొక మాట. ఎన్నికల ముందురోజు మా వీధిలో కవర్లు పంచారు. మా ఇంటికి రాలేదని పక్కింటివారు జాలిపడ్డారు. ఓటుకు డబ్బు ఇవ్వడమే కాదు, తీసుకోవడమూ నేరమని మా వీధిలో ఎవరికీ గుర్తు లేదు.

గవర్నర్‌పేట న్యాయవాది, విజయవాడ
ఆదివారం, ఉదయం 9.30

మాస్టారు చెప్పిన పదకొండేళ్ల గురించి ముందు.

రాజ్యాంగ 74వ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లో ఉంది. అధికరణం 243యు ప్రకారం పురపాలక మండలి గడువు ఐదేళ్లు, అంతకు మించి ఒక్కరోజు కూడా కాదు. ఆ గడువు తీరకముందే ఎన్నిక పూర్తి కావాలి. మధ్యలో రద్దయితే ఆరు నెలల్లోపు జరగాలి. 2006లో అహ్మదాబాద్ నగరపాలక సంస్థ కేసులో సుప్రీంకోర్టు ఇదే మాటను ఖండితంగా చెప్పింది. అయినా గుంటూరులో గ్రామాల విలీనం, డివిజన్ల విభజన, వ్యాజ్యాలు అంటూ ఏళ్లు దొర్లిపోయాయి. శాసనసభ ఎన్నిక పదకొండేళ్లు ఆగిపోతే దేశం ఊరుకుంటుందా? నగరపాలక ఎన్నిక ఆగితే మనం ఊరుకున్నాం. తప్పు చేసినవారిలో నన్ను కూడా చేర్చండి, ఆ రోజుల్లో నేను ఒక్క పిటిషన్ వేయలేదు.

సభాపతి విషయంలో 2020లో మణిపూర్ కేసు తీర్పు వచ్చింది. అనర్హత పిటిషన్లను మామూలుగా మూడు నెలల్లో తేల్చాలని సుప్రీంకోర్టు చెప్పింది. ఆచరణ వేరుగా ఉందని ఒప్పుకుంటాను.

వన్‌టౌన్ వ్యాపారి, విజయవాడ
ఆదివారం, ఉదయం 10.11

నాకు వేరే అభిప్రాయం ఉంది, కోపగించుకోకండి. ప్రత్యేకాధికారి పాలనే నయం. అర్జీ తీసుకెళితే ఒక్క మనిషిని కలిస్తే పని అయ్యేది. ఎన్నికైనవారు వచ్చాక ఆయనను కలవాలి, ఆయన మనిషిని కలవాలి, ఆ మనిషి చెప్పిన మనిషిని కలవాలి. వ్యాపారం చేసుకునేవాడికి రోజుకు ఉన్నది ఒక్క మధ్యాహ్నం. కార్పొరేటర్ ఉండటం వల్ల నా దుకాణం ముందు మురుగు ఆగలేదు, పోలేదు. పన్ను మాత్రం ఎవరు ఉన్నా కడుతున్నాను.

పొన్నూరు చరిత్ర విద్యార్థి
ఆదివారం, ఉదయం 11.25

వన్‌టౌన్ అన్నగారూ, కోపం ఎందుకు? మీ మాట నూరేళ్ల కిందటి మాట.

చీరాల, పేరాల అప్పట్లో గుంటూరు జిల్లాలోనే ఉండేవి. ఆ రెండు ఊళ్లను కలిపి పురపాలక సంఘం చేసింది ఆంగ్ల ప్రభుత్వం. పన్నులు ఒక్కసారిగా పెరిగాయి. మాకు వద్దని జనం మొరపెట్టుకుంటే వినలేదు. 1921లో ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో ఊరికి ఊరే ఇళ్లు వదిలి బయట రామనగరం అని పాకలు వేసుకుని పదకొండు నెలలపాటు ఉంది. వానకు తడిసింది, ఎండకు ఎండింది, లొంగలేదు. అదే ఏడాది మార్చి 31న, ఏప్రిల్ 1న మన బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ సంఘం సమావేశం జరిగింది. ఆ తర్వాత పెదనందిపాడులో పర్వతనేని వీరయ్య చౌదరి వెంట రైతులు శిస్తు కట్టడం మానేశారు.

చీరాలవాళ్లు పురపాలక సంఘాన్ని కాదన్నారు కదా, అంటే వారికి పాలన వద్దా? కాదు. మమ్మల్ని అడగకుండా మా మీద పెట్టారన్నదే వాళ్ల బాధ. మంచి అధికారి దొరికితే పని అవుతుంది, నిజమే. ఆయన బదిలీ అయ్యాక వచ్చినవారు మీ మాట వినకపోతే మీ చేతిలో ఏముంది? ఎన్నికైన మనిషి మీ ఇంటి ముందుకు ఐదేళ్లకు ఒక్కసారైనా రాక తప్పదు. అధికారికి ఆ అవసరమే లేదు.

సత్తెనపల్లి నుంచి నాలుగుసార్లు గెలిచిన వావిలాల గోపాలకృష్ణయ్యగారిని మా తాతయ్య చూశాడు. శాసనసభ్యుడై ఉండి చేతి సంచి తగిలించుకుని బస్సులో తిరిగేవారని చెప్పేవాడు. అలాంటివారిని ఎన్నుకున్నదీ ఈ జిల్లా జనమే.

వన్‌టౌన్ వ్యాపారి, విజయవాడ
ఆదివారం, మధ్యాహ్నం 12.05

చీరాల కథ నాకు తెలియదు. ఆలోచిస్తాను. కానీ నా దుకాణం ముందు మురుగు ఇంకా ఉంది తమ్ముడూ.

సింగ్‌నగర్ ఇల్లాలు, విజయవాడ
ఆదివారం, మధ్యాహ్నం 2.48

నేను పెద్దగా చదువుకోలేదు. చట్టాలు తెలియవు. నాకు జరిగినది రాస్తాను.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు వాగుకు గండ్లు పడి తెల్లారేసరికి నీళ్లు గడపకు వచ్చాయి. పది గంటలకు మంచం మునిగింది. మేము అద్దెకు ఉండేది కింది వాటా. పిల్లలను పై వాటావాళ్ల దగ్గరికి పంపి, బియ్యం డబ్బా ఒక్కటి పట్టుకుని నేనూ ఎక్కాను. అక్కడ ఇరవైమందిమి. మూడో రోజు దాకా నీళ్లు తాగడానికి లేవు. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిందని ఫోనులో విన్నాం, తర్వాత ఫోనూ ఆగిపోయింది. ఫ్లైఓవర్ దాకా పడవలు వస్తున్నాయని, లోపలి వీధులకు రావడం లేదని చెప్పుకున్నారు. అప్పుడు నాకు ప్రభుత్వం మీద నమ్మకం లేదు, దేవుడి మీద కూడా లేదు.

నీళ్లు తీశాక నష్టం రాసుకోవడానికి వచ్చారు. కింది వాటా మునిగితే 25 వేలు, పై అంతస్తులవారికి 10 వేలు అన్నారు. మా ఇంటికి వచ్చినప్పుడు నేను పిల్లను ఆసుపత్రికి తీసుకెళ్లాను. మా ఇంటి యజమాని ఊళ్లో లేడు, ఆయన పేరు రాసుకుని వెళ్లారు. నేను తిరిగి తిరిగి అలసిపోయాను. ఒకరు రేపు రమ్మంటారు, ఒకరు ఆన్‌లైన్‌లో మీ పేరు లేదంటారు. ఆ కంప్యూటర్ ముందు నిలబడితే ఈ ఊళ్లో నేను లేనట్లే అనిపించింది.

తర్వాత జాబితా గోడకు అంటించారు. అదే నాకు గుర్తున్న రోజు. వీధి వీధంతా వచ్చింది. చదువుకున్న పిల్లాడు ఒకడు స్టూలు ఎక్కి పేర్లు బిగ్గరగా చదివాడు. ఒక పేరు దగ్గర "ఆయన ఇక్కడ ఉండటం లేదు కదా" అని నలుగురూ అన్నారు. ఒక పేరు దగ్గర "వాళ్లది పై వాటా" అన్నారు. నా పేరు రాలేదు. నేను నోరు తెరవకముందే పక్కింటి ముసలమ్మ "మా కింద ఉన్న పిల్ల పేరు ఏదయ్యా?" అని కేకవేసింది. అక్కడ కూర్చున్న చిన్న ఉద్యోగిని, మా అమ్మాయి వయసు ఉంటుంది, కలం తీసి ముసలమ్మ సాక్ష్యం రాసుకుంది. ఇంకో ఇద్దరి సంతకాలు పెట్టించింది. కొన్ని వారాల తర్వాత డబ్బు పడింది.

మాస్టారూ, మీరు సాక్షి అన్నారు కదా, అందుకే ఇది రాశాను. కంప్యూటర్‌లో ఉన్నన్నాళ్లూ ఆ జాబితా నాది కాదు. గోడ మీదికి వచ్చాక పదిమంది నా తరఫున మాట్లాడారు.

కృష్ణలంక
ఆదివారం, మధ్యాహ్నం 3.20

అక్కా, మీ మాట చదివి కళ్లు చెమర్చాయి. అదే వరదలో మా కృష్ణలంక మునగలేదు. నదికి కట్టిన రక్షణ గోడ కాపాడింది. ఆ గోడ ఒక ప్రభుత్వంలో మొదలై మరో ప్రభుత్వంలో పూర్తయింది. అంతకుముందు ప్రతి పెద్ద వరదకూ మూటలు కట్టుకుని పోయేవాళ్లం. ఎవరు కట్టారని మా వీధిలో ఇప్పటికీ వాదులాడుకుంటారు. నాకు మాత్రం, ఒకరు వదిలిన పని ఇంకొకరు ఆపకుండా చేశారన్నది గొప్ప సంగతి.

తుళ్లూరు రైతు బిడ్డ
ఆదివారం, సాయంత్రం 5.40

కృష్ణలంకవారు చెప్పిన ఆ గొప్ప సంగతి మా వైపు జరగలేదు.

మా నాన్న రెండు ఎకరాల మెట్ట, అర ఎకరం జరీబు (నది పక్కన సారవంతమైన నేల) రాజధాని అమరావతి భూసమీకరణకు ఇచ్చారు. 29 గ్రామాల్లో ఇరవై ఎనిమిది వేలమందికి పైగా రైతులు 33 వేల ఎకరాలకు పైగా ఇచ్చారు. మెట్టకు ఎకరాకు ఏటా 30 వేలు, జరీబుకు 50 వేలు కౌలు, పదేళ్లపాటు. అభివృద్ధి చేసిన స్థలాలు తిరిగి ఇస్తామన్నారు. 2015 అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెంలో శంకుస్థాపన రోజు మా నాన్న తెల్ల పంచె కట్టుకుని వెళ్లారు. ఎవరి పార్టీ అని చూడలేదు. అంగీకార పత్రం మీద ప్రభుత్వ ముద్ర ఉందని సంతకం పెట్టారు.

2019 డిసెంబరు 17న శాసనసభలో మూడు రాజధానులంటూ ఒక్క ప్రకటన వచ్చింది. ఆ రోజు నుంచి మా అమ్మ దీక్షా శిబిరంలో కూర్చుంది. వంట చేసి, పిల్లలను బడికి పంపి, వచ్చి కూర్చునేది. 1,600 రోజులకు పైగా ఆ శిబిరాలు సాగాయి. 2021 నవంబరులో తుళ్లూరు నుంచి తిరుపతికి నడిచారు. 2022 మార్చి 3న రాజధాని కేసులో హైకోర్టు తీర్పు మాకు అనుకూలంగా వచ్చిన రోజు మా అమ్మ ఏడ్చింది. ఇప్పుడు మళ్లీ పనులు మొదలయ్యాయి. క్రేన్లు కనిపిస్తున్నాయి. సంతోషించాలి కదా, మా నాన్న సంతోషించడం లేదు. "మళ్లీ మారితే?" అంటారు. ఆ ఒక్క మాట ఆయన నోటి నుంచి పోవడం లేదు.

మేము సంతకం పెట్టింది ఒక పార్టీతో కాదు, రాష్ట్రంతో. ఐదేళ్లకు ఒకసారి పాలకులు మారతారు, మారాలి కూడా. రాష్ట్రం ఇచ్చిన మాట మారకూడదు కదా! నమ్మకం మీద ఎన్ని చర్చలు జరిగినా మా ఇంట్లో అది ఈ ఒక్క ప్రశ్న దగ్గరే ఆగుతుంది.

ఇంకో సంగతి చెప్పకపోతే అన్యాయం. భూమి ఉన్న మేము ఇంత మాట్లాడుతున్నాం. మా పొలంలో పనిచేసిన కూలీ కుటుంబాలకు మొదట నెలకు 2,500 రూపాయల పింఛను అన్నారు. పొలమే లేకపోయాక వారి పని ఏమైంది, వారి మాట ఎవరు విన్నారు? మా శిబిరంలో కూడా వారి మాట తక్కువే వినిపించింది.

మొదటి ఓటు
ఆదివారం, సాయంత్రం 6.15

తుళ్లూరు అన్నా, ఇది చదివాక నాకు ఏమి రాయాలో తెలియలేదు. అందరం నోటా నొక్కితే?

గవర్నర్‌పేట న్యాయవాది, విజయవాడ
ఆదివారం, సాయంత్రం 6.40

నోటా 2013 సుప్రీంకోర్టు తీర్పుతో వచ్చింది. శాసనసభ, లోక్‌సభ ఎన్నికల్లో నోటాకు అందరికంటే ఎక్కువ ఓట్లు పడినా, దాని తర్వాత ఉన్న అభ్యర్థే గెలిచినట్లు. కోపం నమోదవుతుంది, అంతే. మీ మూడు గంటలు దానికోసం ఖర్చుపెట్టకండి బాబూ.

వినుకొండ సామాజిక తనిఖీ
ఆదివారం, రాత్రి 8.30

సింగ్‌నగర్ అక్క చెప్పిన గోడ జాబితా చదివి పాత రోజులు గుర్తొచ్చాయి.

2006లో ఉమ్మడి రాష్ట్రంలో ఉపాధి హామీ పనులకు సామాజిక తనిఖీ మొదలైంది. అది అప్పటి ఉపాధి హామీ చట్టంలోనే, 17వ సెక్షన్‌లో ఉంది. గ్రామసభే లెక్కలు తనిఖీ చేయాలి. 2009లో అందుకోసం ప్రత్యేకంగా ఒక సొసైటీ పెట్టారు. నేను డిగ్రీ చదివి పనిలేక తిరుగుతున్న రోజులవి. కూలీ కుటుంబాల పిల్లలకే శిక్షణ ఇస్తామంటే చేరాను. మా అమ్మ కూడా ఉపాధి పనికి వెళ్లేది.

పని ఇలా సాగేది. మండల కార్యాలయం నుంచి మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు), కొలతల పుస్తకాలు తీసుకుంటాం. ఇంటింటికీ వెళ్లి, ఈ వారం ఎన్ని రోజులు వెళ్లావమ్మా, ఎంత చేతికొచ్చింది అని అడిగి రాసుకుంటాం. చెరువు దగ్గరికి వెళ్లి టేపు పట్టి గుంట కొలుస్తాం. రాత్రి ఎవరో ఒకరి అరుగు మీద పడుకుంటాం. అధికారుల ఇంట్లో, పెద్దల ఇంట్లో అన్నం తినకూడదని నియమం. చివరికి గ్రామసభలో అన్నీ చదువుతాం, తర్వాత మండలంలో ప్రజావేదిక, అంటే బహిరంగ విచారణ.

ఒక ఊళ్లో మస్టరు చదువుతున్నాను. ఒక పేరు చదివాను, ఆరు రోజులు పనిచేసినట్లు ఉంది. వెనక నుంచి ఒకావిడ లేచింది. "ఆయన పోయి ఏడాదిన్నర అయ్యిందయ్యా" అంది. సభ నిశ్శబ్దమైపోయింది. అంతవరకు నేను చదివినవన్నీ అంకెలే. ఆ తర్వాత అందరూ ఒక్కొక్కరే లేచి తమ పేరు పక్కన రాసిన రోజులు సరిచూసుకున్నారు. ఎప్పుడూ పెద్దల ఎదుట నోరు విప్పనివారు మైకు అడిగి తీసుకున్నారు. అక్కడ కుర్చీలో కూర్చున్న అధికారికి చెమటలు పట్టడం నా కళ్లతో చూశాను.

మాస్టారూ, మీ మనవరాలికి నేనైతే ఆ సభ గురించి చెబుతాను.

మొదటి ఓటు
ఆదివారం, రాత్రి 8.52

అన్నా, ఒక్క ప్రశ్న. ఆ చనిపోయిన మనిషి పేరున తీసుకున్న డబ్బు తిరిగి వచ్చిందా?

వినుకొండ సామాజిక తనిఖీ
ఆదివారం, రాత్రి 9.10

దాచకుండా చెబుతాను తమ్ముడూ. ఆ ఊళ్లో సగం కూడా వసూలు కాలేదు. బాధ్యుణ్ని పని నుంచి తీసేశారు. రెండేళ్ల తర్వాత పక్క మండలంలో కనిపించాడు. రాష్ట్రమంతటా కూడా తేలిన అక్రమాలతో పోలిస్తే తిరిగి వచ్చిన సొమ్ము చాలా తక్కువ. చదివే పని మాది, శిక్షించే పని మాది కాదు. ఆ రెండో పని జరగనప్పుడల్లా సభకు వచ్చేవాళ్లు తగ్గారు. అది కూడా చూశాను.

మొదటి ఓటు
ఆదివారం, రాత్రి 9.18

అదే నా భయం. అన్నీ బయటపెట్టి ఏమీ జరగకపోతే, బయటపెట్టకముందు ఉన్న నమ్మకం కూడా పోతుంది.

గవర్నర్‌పేట న్యాయవాది, విజయవాడ
ఆదివారం, రాత్రి 9.45

ఇక్కడ నేను మీతో పూర్తిగా ఏకీభవించలేను బాబూ. పార్టీలకు విరాళాలిచ్చే ఎన్నికల బాండ్లు 2018లో వచ్చాయి. ఎవరు ఏ పార్టీకి ఎంత ఇచ్చారో ఓటరుకు తెలియకుండా ఆరేళ్లు నడిచాయి. 2024 ఫిబ్రవరి 15న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ పథకం రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. ఓటరుకు తెలుసుకునే హక్కు ఉందన్నదే ఆ తీర్పుకు మూలం. మార్చిలో జాబితాలు బయటికి వచ్చాయి. ఎవరికీ శిక్ష పడలేదు, నిజమే. కానీ ఆ జాబితాలు రాకపోతే మనం ఈ రోజు ఆ ప్రశ్న అడిగే స్థితిలో కూడా ఉండేవాళ్లం కాదు. అభ్యర్థులు తమ కేసులు, ఆస్తులు ప్రమాణపత్రంలో రాయడం కూడా 2002, 2003 నాటి తీర్పుల ఫలితమే. అంతకుముందు నామినేషన్ పత్రం చూస్తే ఆ వివరాలు ఉండేవి కావు.

శిక్ష ఆలస్యం కావచ్చు. లెక్క బయటికి రాకపోతే ఆ ఆలస్యానికి కూడా అవకాశం ఉండదు.

అరండల్‌పేట మాస్టారు, గుంటూరు
ఆదివారం, రాత్రి 10.30

అందరివీ రెండుసార్లు చదివాను. ఇంత నిజాయతీగా రాసినందుకు నా వంతుగా నేనూ ఒకటి చెప్పాలి. ఇంతవరకు మా ఇంట్లో కూడా చెప్పలేదు.

చాలా ఏళ్ల కిందట ఒక పల్లెలో ప్రిసైడింగ్ అధికారిగా ఉన్నాను. మధ్యాహ్నం మూడు గంటలకు ఒక ముసలావిడ వచ్చింది. స్లిప్పు చూస్తే ఆమె పేరు మీద అప్పటికే ఓటు పడి ఉంది. ఆమె వేలు చూశాను, సిరా లేదు. ఎవరో ఆమె పేరుతో వేసి వెళ్లిపోయారు. నిబంధన ప్రకారం ఆమెకు టెండర్ ఓటు ఇవ్వాలి. కాగితపు బ్యాలెట్ ఇచ్చాను, ముద్ర వేసింది, కవరులో పెట్టి విడిగా సీలు చేశాను. ఆ కవర్లను మామూలు లెక్కింపులో విప్పరు. ఎన్నిక మీద కేసు పడి న్యాయస్థానం అడిగితేనే అవి బయటికి వస్తాయి.

వెళ్తూ వెళ్తూ తిరిగి చూసి, "నా ఓటు లెక్కలోకి వస్తుందా బాబూ?" అంది.

"వస్తుందమ్మా" అన్నాను.

బయట ఎండ మండిపోతోంది. ఆమె చాలా దూరం నడిచి వచ్చిందని తర్వాత ఏజెంట్లు చెప్పారు. నిజం చెబితే ఆమె మళ్లీ ఎన్నడూ రాదని అనుకున్నాను. ఇప్పుడు అనిపిస్తోంది, ఆమెకు నిజం చెప్పి, ఆ పని చేసినవాడి మీద నేనే ఫిర్యాదు రాయాల్సింది. ఏజెంట్లలో ఎవరూ అభ్యంతరం చెప్పలేదు కదా అని ఊరుకున్నాను. ఉన్న ఒక్క సాక్షిని నేను, నేనే మాట్లాడలేదు.

అందుకే మనవరాలి ప్రశ్నకు నిద్ర పట్టలేదు. కాలువ ఒక సాకు.

సింగ్‌నగర్ ఇల్లాలు, విజయవాడ
ఆదివారం, రాత్రి 10.52

మాస్టారూ, మీరు ఇన్నేళ్లు దాన్ని మోశారు. ఈ రోజు చెప్పారు. మీ మనవరాలికి కూడా చెప్పండి. పిల్లలు మనం అనుకున్నంత తేలికగా నమ్మకం పోగొట్టుకోరు, మనం దాచామని తెలిసినప్పుడే పోగొట్టుకుంటారు.

అరండల్‌పేట మాస్టారు, గుంటూరు
సోమవారం, ఉదయం 7.05

అమ్మా, రాత్రే చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఫారం 6 పూర్తి చేసి సంతకం పెట్టింది. పెట్టి, "ఇప్పుడు కాలువ సంగతి రాద్దాం" అంది.

న్యాయవాదిగారూ, సమాచార హక్కు అర్జీ రాయాలని కూర్చున్నాం. పిల్ల చేత్తోనే రాస్తోంది. తెలుగులో రాయవచ్చు కదా? ఆమె రాసిన ప్రశ్నలు ఇవి. మా వీధి కాలువకు మంజూరైన అంచనా ఎంత? గుత్తేదారు ఎవరు? మా డివిజన్‌కు వార్డు కమిటీ ఉందా, ఎన్నిసార్లు సమావేశమైంది? ఈ పని గురించి వీధిలో ఎవరిని అడిగారు?

గవర్నర్‌పేట న్యాయవాది, విజయవాడ
సోమవారం, ఉదయం 7.40

తప్పకుండా తెలుగులోనే రాయండి, తెల్ల కాగితం చాలు. రుసుము పది రూపాయలు. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే అదే కార్యాలయంలో పై అధికారికి మొదటి అప్పీలు, ఆ తర్వాత సమాచార కమిషన్.

మొదటి మూడు ప్రశ్నలు బాగున్నాయి. వార్డు కమిటీ ప్రశ్న మరీ మంచిది. మూడు లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఏర్పాటు చేయాలని 243ఎస్ చెబుతోంది, గుంటూరు అంతకు రెట్టింపు.

నాలుగో ప్రశ్న మాత్రం అలా రాస్తే "సమాచారం లేదు" అని ఒక్క మాటతో పంపేస్తారు. ప్రశ్నలా అడగవద్దని చెప్పండి, పత్రం అడగమనండి. "ఈ పనిపై వీధి ప్రజల అభిప్రాయం తీసుకున్న సమావేశపు తీర్మానం నకలు ఇవ్వండి" అని రాయాలి. సమావేశమే జరగకపోతే, జరగలేదని వారే రాసి ఇవ్వాల్సి వస్తుంది.

ఇంకొక్కటి చేర్చండి. చట్టంలో 2(జె) కింద పనిని స్వయంగా తనిఖీ చేసే హక్కు, వాడిన సామగ్రి నమూనా తీసుకునే హక్కు కూడా పౌరుడికి ఉన్నాయి. ఇసుక, సిమెంటు నమూనా ధ్రువీకరించి ఇమ్మని అడగవచ్చు.

వినుకొండ సామాజిక తనిఖీ
సోమవారం, ఉదయం 8.10

కాలువ కొలవాలంటే నాకు కబురు పెట్టండి మాస్టారూ. టేపు ఇంకా నా దగ్గరే ఉంది.

మొదటి ఓటు
సోమవారం, ఉదయం 8.31

వచ్చే శనివారం నేను ఊరికి వస్తున్నాను. జవాబు వచ్చాక దాన్ని వీధిలో చదవాలంటే స్టూలు ఎక్కేవాడు కావాలి కదా, నేను ఎక్కుతాను.

వన్‌టౌన్ వ్యాపారి, విజయవాడ
సోమవారం, ఉదయం 9.02

న్యాయవాదిగారూ, ఆ అర్జీ నమూనా ఇక్కడే పెట్టండి. నా దుకాణం ముందు మురుగుకు కూడా పనికొస్తుందేమో చూస్తాను.

గవర్నర్‌పేట న్యాయవాది, విజయవాడ
సోమవారం, ఉదయం 9.20

మధ్యాహ్నం కోర్టు నుంచి వచ్చి పెడతాను. మాస్టారూ, అర్జీ ఇచ్చాక తేదీ వేసిన రసీదు తీసుకోవడం మరిచిపోకండి. పది రూపాయలకు కోర్టు ఫీజు స్టాంపు దొరకకపోతే పోస్టల్ ఆర్డరు కూడా సరిపోతుంది.